చెరువును కనిపెట్టిన బాతు

ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన బాతు ఒకటి కప్పలుండే చెరువులో దిగి, "ఈ చెరువును నేనే కనిపెట్టాను!" అని అరిచింది.

ముసలికప్ప నూకాలు నవ్వింది. "మా ముత్తాతలు కూడా ఇక్కడే పుట్టారు నాయనా."

"అయితే ఏం? నేను చూడ్డం ఇదే మొదటిసారి కదా!" అంది బాతు.

పాపం ఆకలిగా ఉందని కప్పలు దానికి నత్తలు పెట్టాయి. కొన్నాళ్ళకే దాని చుట్టాలన్నీ వచ్చి వాలాయి. నడిచెరువు బాతులదైంది, ఒడ్డునున్న బురద కప్పలకు మిగిలింది. బురదలో దొరికిన నత్తలన్నీ బాతులకే అందించాలి. పచ్చకప్పలు ఎదురుతిరిగితే, బాతులు గోధుమరంగు కప్పల్ని పిలిచి, "మీరే మాకు అయినవాళ్ళు" అనేవి. దాంతో కప్పలూ కప్పలూ కొట్టుకునేవి.

పిల్లకప్పలు ఆకలితో ఏడుస్తుంటే నూకాలుకు కడుపు మండిపోయింది. "ఇక ఎవరూ వాటికి నత్తలు తియ్యొద్దర్రా!" అంది. రెండు రంగుల కప్పలూ ఒడ్డెక్కి కదలకుండా కూర్చున్నాయి. బాతులు పొడిచాయి, బతిమాలాయి. తిండి వెతుక్కునే అలవాటు తప్పిన వాటికి నత్త ఒక్కటీ దొరకలేదు.

"మేం పోతే మీకు దిక్కెవరు?" అంటూనే అన్నీ ఎగిరిపోయాయి.

వెంటనే, నడిచెరువులోకి ముందు ఎవరు దూకాలని పచ్చవీ గోధుమవీ వాదులాటకు దిగాయి.

నూకాలు తల పట్టుకుంది. "ముందు అందరూ దూకండర్రా, తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందురు గాని!"