ఒక్క గోలు చాలు

ఏడో మ్యాచ్ కూడా ఓడిపోయాక గోల్‌కీపర్‌కి 'జల్లెడ' అని పేరు పెట్టారు. అతనేం బాధపడలేదు. టీములో మిగతావాళ్ళకి అంతకంటే ఘోరమైన పేర్లున్నాయి.

చిన్న కాలేజీ. పరిగెత్తగలిగిన కుర్రాళ్ళని ఏరితే సరిగ్గా ఒక జట్టుకి సరిపోయారు, బెంచీ మీదకి ఒక బుడ్డోడు మిగిలాడు. ఇద్దరికి కాళ్ళు బెణికితే లైబ్రరీలోంచి ఇంకొకణ్ణి లాక్కురావాలి.

ఆ సీజన్‌లో వాళ్ళు కొట్టిన గోలు ఒకే ఒక్కటి. అదీ సొంత గోల్‌పోస్టులోకే.

ఆఖరి మ్యాచ్‌కి ముందు ప్రిన్సిపాల్ ఆటల మాస్టారిని పిలిచారు.

"గెలవమని అడిగేంత ఆశ నాకు లేదు. ఒక్క గోలు కొట్టించండి చాలు. లేదంటే వచ్చే ఏడు నుంచి ఆ మైదానంలో కార్లు పెట్టుకుంటాం. మీరూ వేరే పని చూసుకోవచ్చు."

ఆ మ్యాచ్ ఆ ఏడు ఒక్కసారీ ఓడని పెద్ద కాలేజీతో.

మాస్టారు ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో చతికిలపడ్డారు. భార్య అప్పుడే పని నుంచి వచ్చి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన ఓడి వచ్చిన ప్రతిసారీ పడీ పడీ నవ్వే మనిషి, సంగతంతా విని ఈసారి నవ్వలేదు.

"అంటే, ఇక రోజంతా ఇంట్లోనే ఉంటారా?"

"ఉండక ఎక్కడికి పోతాను?"

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. పోయిన సెలవుల్లో ఆయన తోచక వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టారు. ఉప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఆవిడకి వారం పట్టింది.

"వాళ్ళ డిఫెన్స్‌లో ఒక పొడుగాటి అబ్బాయి ఉంటాడు చూడండి" అంది మళ్ళీ తరుగుతూ. "చూడ్డానికి గేటు స్తంభంలా ఉంటాడు గానీ చివర్లో దమ్ము ఉండదు. పొట్టివాడెవడైనా పక్కనుంచి దూరితే, వీడు వంగి చూసేలోపు బంతి వెళ్ళిపోతుంది."

మాస్టారు నోరు తెరుచుకుని ఆవిడ వంకే చూశారు.

"అలా చూడకండి. నాకు డబ్బాలు గుర్తొస్తున్నాయి."

మ్యాచ్ మొదలైంది. తొలి సగంలోనే జల్లెడ తన పేరు నిలబెట్టుకున్నాడు. అయిదో గోలు పడ్డాక ప్రిన్సిపాల్ మైదానం వెడల్పు కళ్ళతోనే కొలవడం మొదలుపెట్టారు.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మాస్టారు బుడ్డోణ్ణి దింపారు. జట్టులో అందరికంటే పొట్టివాడు. సీజనంతా బెంచీ మీద కునుకు తీసినవాడు.

పొడుగాటి అబ్బాయి అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. అంతదాకా ప్రతి బంతికీ గొంతు చించుకున్న అవతలి కోచ్, సరిగ్గా ఆ సమయానికే వంగి బూటు లేసు కట్టుకుంటున్నారు. బుడ్డోడు ఆ అబ్బాయి మోచేతి కిందుగా దూరిపోయాడు. బంతి వాడి కాలికి తగిలిందో మోకాలికి తగిలిందో వాడికే తెలీదు. వెళ్ళి వలలో పడింది.

జట్టంతా మీదపడి బుడ్డోడికి ఊపిరాడకుండా చేసింది. గెలుస్తున్నవాళ్ళు బిత్తరపోయి చూశారు. ఆట మళ్ళీ మొదలయ్యాక కూడా జల్లెడ గోల్‌పోస్టు పట్టుకుని గెంతుతూనే ఉన్నాడు. అందుకే ఆరోది కూడా పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఏడిశారు. కార్లు రోడ్డు మీదే పెడదాం" అనేసి ప్రిన్సిపాల్ వెళ్ళిపోయారు.

మాస్టారు ఈలపాట పాడుకుంటూ ఇల్లు చేరి, స్టవ్ మీద పాలు పెట్టారు. కాసేపటికి భార్య వచ్చింది.

"కొట్టాం" అన్నారాయన ఛాతీ విరుచుకుని.

"ఆరు తిన్నారు కూడా."

"అవి లెక్కలోకి రావు."

"గొంతు పోయింది, ముందు ఆ కాఫీ ఇటివ్వండి" అంటూ మెడలోని విజిల్ తీసి బల్ల మీద పడేసి, సోఫాలో కూలబడింది అవతలి జట్టు కోచ్.