చక్రం దగ్గర తడి

"ఆయిలు కారతన్నాదా బాబూ?"

గేటు బయటినుంచి మాట వినపడి బెన్హర్ బోనెట్ కిందనుంచి తల ఎత్తాడు.

అరవై దాటిన మనిషి. మాసిన చొక్కా, భుజాన గుడ్డసంచి.

బెన్హర్‌కి అప్పటికే ఒళ్లు మండుతోంది. పొద్దుటినుంచీ ఇంజిన్ పైమూత విప్పడం, కొత్త ప్యాకింగ్ వెయ్యడం, బిగించడం. స్టార్ట్ చెయ్యగానే మళ్లీ ఆయిల్ కారడం. మూడేళ్లుగా షెడ్డులో పడి ఉన్న తండ్రి కారు అది. భార్య రూబీకి నెలలు నిండాయి. నొప్పులొస్తే టెక్కలినుంచి శ్రీకాకుళం వెళ్లాలి.

"ఏటి కావాలి?" అన్నాడు విసురుగా.

"పరంజ్యోతి మాస్టారిల్లు ఇదే కదా?"

"నాన్న పోయి ఏడాదయింది."

ముసలాయన వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"బోల్టులు ఒక పక్కనించి వరసగా బిగించీసినావేటి?"

"అయితే?"

"మూత ఒరిగిపోతాది. నడుమ మొదలెట్టి, ఇటొకటి అటొకటి బిగించాల. స్పానర్ ఇలాగియ్యి. నన్ను జగన్నాధం అంటారు. నౌపడలో ట్రాక్టర్లు బాగుచేస్తాను."

అరగంటలో పని అయిపోయింది. ఇంజిన్ ఎంతసేపు తిరిగినా చుక్క కారలేదు.

బెన్హర్ మొహం విప్పారింది. అంతలో జగన్నాధం ముందు చక్రం పక్కన చతికిలబడి, లోపలికి చెయ్యి పెట్టి, తడిసిన వేలు వాసన చూశాడు.

"ఇది ఇంజినాయిలు కాదు బాబూ. బ్రేకాయిలు. రబ్బరు పైపు పుచ్చిపోనాది. బండి తియ్యకు."

బెన్హర్ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి చూశాడు.

"గట్టిగానే ఉన్నాది."

"ఇప్పుడుంటాది. రోడ్డు మీద అదాటున తొక్కినప్పుడు తెగిపోతాది."

"ఒక పని సేసి ఇంకో పని పుట్టిస్తన్నావేటి?"

"పైపు మార్చకండా ఈ బండి గేటు దాటకూడదు." ముసలాయన గొంతు పెరిగింది. కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా ఇంటికొచ్చి నాకే సెప్తావా? నడువ్!"

బెన్హర్ రెక్క పట్టుకుని గెంటాడు. జగన్నాధం కంకర మీద పడ్డాడు. అరచెయ్యి చీరుకుపోయి రక్తం వచ్చింది.

రూబీ నడుం పట్టుకుంటూ బయటికి వచ్చింది. "అయ్యో, పెద్దాయన్ని అలా తోసేస్తావేటి?"

జగన్నాధం ఆమె కడుపు వైపు చూశాడు. లేచి, దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం స్కాన్ రిపోర్టు తేవడానికి బస్సులో వెళ్లిన బెన్హర్ సాయంత్రానికి తిరిగొచ్చాడు. అరుగు మీద పాత రబ్బరు పైపు ఉంది.

"మళ్లీ వచ్చినాడు," అంది రూబీ. "బజారుకెళ్లి కొత్త పైపు తెచ్చినాడు. ఇంత ఎండలో రానూ పోనూ నడిసే. నన్ను సీట్లో కూకోబెట్టి, తొక్కమ్మా, పట్టుకో, వదులు అంటా పైపులో గాలి తీసినాడు. అన్నం తినమన్నాను. నీళ్లు తాగి ఎలిపోనాడు."

బెన్హర్ ఆ పైపు తీసి కొద్దిగా వంచాడు. చేతిలోనే రెండు ముక్కలైంది.

రెండు రోజుల తర్వాత రూబీకి నొప్పులొచ్చాయి. కారు వాళ్లను క్షేమంగా ఆసుపత్రికి చేర్చింది. ఆడపిల్ల.

ఆదివారం చర్చి నుంచి బెన్హర్ అటునుంచటే కార్లో నౌపడ వెళ్లాడు. పెద్దాయన చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనుకున్నాడు.

ఇంటి ముందు టెంటు వేసి ఉంది.

గుమ్మంలో కూర్చున్న జగన్నాధం భార్య కూర్మమ్మ తలెత్తింది. ఆమె చూపు అతన్ని దాటి, వెనకున్న కారు మీద నిలిచింది.

"మాస్టారి కొడుకువా?"

బెన్హర్ తలూపాడు.

"ఎండదెబ్బ బాబూ. మీ ఇంటికాడినించి వచ్చి తొంగున్నాడు. మరి లెగలేదు."

బెన్హర్ ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. "నా గురించి... ఏటైనా అన్నాడా?"

"నీ గురించి ఏటీ అన్లేదు. మాస్టారిని నిలదీసొస్తానని బయల్దేరినాడు. మూడేళ్లకి దైర్నం వచ్చినాది. వచ్చీసి, 'మాస్టారు పోనాడే. కోడలు కడుపుతో ఉన్నాది. పైపు మార్చీసినాను' అన్నాడు."

"నిలదియ్యడానికా? దేనికి?"

"నీకు తెల్దా?"

"నేనప్పుడు సూరత్‌లో ఉన్నాను. కారు మూలన పెట్టేశానని నాన్న ఫోన్లో సెప్పాడు. ఎందుకని నేనడగలేదు."

కూర్మమ్మ కారు వైపు చెయ్యి చూపించింది.

"మా ఒక్కగానొక్క పిల్ల ఝాన్సీ సచ్చిపోనాది ఆ కారు కిందనే బాబూ."