గొట్టం మీద తువ్వాలు

బావ బండి పొగగొట్టం దొంగిలించాలని కళ్లజోళ్ల దుకాణదారు ఒక సోమవారం పొద్దున నిర్ణయించుకున్నాడు. అప్పుడతను ఒక ముసలాయన చేత గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాడు.

"కింది వరస కనిపిస్తోందా?"

"ముందు మీకు కనిపిస్తోందా? ఇందాకట్నుంచీ కిటికీ వైపు చూస్తున్నారు," అన్నాడు ముసలాయన.

బావ అంటే అక్క మొగుడు, ప్లంబరు. ఇద్దరివీ ఒకే ఏడాది కొన్న, ఒకే రకం టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లు, మట్టిదారి పందేలకి పనికొచ్చేవి. నెలకోసారి పాత రాళ్ల క్వారీలో పదిమంది నడివయసువాళ్లు పందెం వేసుకునేవారు. మొదట్లో బావా బావమరుదుల గెలుపులు చెరిసగం. ఈ రెండేళ్లుగా మాత్రం దుకాణదారు బావ వెనక చక్రం లేపిన దుమ్ము తప్ప మరేమీ చూడలేదు. రాబోయే ఆదివారంతో క్వారీ మూసేస్తున్నారు. అప్పుడు గెలవకపోతే ఈ జన్మకి ఓడినవాడిగానే మిగిలిపోతాడు. నలభై ఏడేళ్లవాడికి ఇది సిగ్గుపడాల్సిన కోరికని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కోరిక సిగ్గుపడదు.

టూ స్ట్రోక్ బండి ప్రాణం దాని పొగగొట్టంలో ఉంటుంది. మధ్యలో బొజ్జలా ఉబ్బిన ఆ గొట్టం, బయటికి జారిపోబోయే పెట్రోలు ఆవిరిని తిరిగి ఇంజన్లోకి నెడుతుంది. పొడవు వేలెడు మారితే బండి గుణమే మారిపోతుంది. ఈ సంగతి ఎక్కడో చదివిన దగ్గర్నుంచీ అతను తన గొట్టాన్ని బతకనివ్వలేదు. మెడ దగ్గర రంపంతో వేలెడు కోశాడు. బండి ఇంకా నీరసపడితే, కోసినంత ముక్కా మళ్లీ అతికించాడు. సైలెన్సరులో వంటింటి స్టీలు పీచు కుక్కాడు.

"అదే పీచుతో తోమి ఉంటే కనీసం గిన్నెలైనా మెరిసేవి," అంది భార్య.

బావ గొట్టానికి మాత్రం ఏ అతుకూ లేదు. ఒళ్లంతా మసి, పక్కన అరచేతంత సొట్ట. రహస్యం ఆ సొట్టలోనే ఉందని అతని అనుమానం. ఎందుకంటే తను దగ్గరికి వస్తే చాలు, బావ భుజం మీది తువ్వాలు తీసి గొట్టం మీద కప్పేసేవాడు.

"కాలుతుందిరా, దూరంగా ఉండు," అనేవాడు. బండి స్టార్టు చేయకముందే.

అయినా బావని అనుమానించడం అతనికి కష్టంగానే ఉండేది. రెండేళ్ల కిందట తన బండి క్లచ్ పాడైతే వారం రోజులు షెడ్డులో ఉంచుకుని, బాగుచేసి, కడిగి మరీ పంపిన మనిషి. అలాంటివాడికి ద్రోహమా అని మనసులో ఒకడు అడిగాడు. సంతోషంగా ఏమీ చేయడం లేదుగా, బాధపడుతూనేగా చేస్తున్నాను అని మనసులో ఇంకొకడు సర్దిచెప్పాడు. ఎప్పటిలాగే ఇంకొకడే నెగ్గాడు.

శనివారం మధ్యాహ్నం బావ భోంచేసి కునుకు తీస్తుంటే అతను తన బండిని షెడ్డులోకి తోసుకెళ్లాడు. తన గొట్టానికి ముందే సుత్తితో అలాంటి సొట్టే పెట్టి, మసి పూసి తెచ్చాడు. మూడు స్ప్రింగులు, ఒక బోల్టు ఊడదీస్తే గొట్టం చేతికొస్తుంది.

"షెడ్డులో ఏమిట్రా ఆ చప్పుడు?" లోపల్నుంచి అక్క గొంతు.

"టైరుకి గాలి కొడుతున్నానక్కా."

"పంపు ఇక్కడ మంచం కింద ఉంది కదరా."

"అందుకేగా ఆలస్యమవుతోంది," అన్నాడు. అన్నాక తన తెలివికి తనకే జాలేసింది.

నిజానికి అతనే పరమ అనుమానపు మనిషి. దుకాణంలోంచి వెళ్లే ప్రతి ఫ్రేము లోపలా సూదితో నువ్వుగింజంత ఇంటూ గుర్తు గీస్తాడు. గొడుగు, చెప్పులు, ఆఖరికి దువ్వెన, కొత్తగా ఏది కొన్నా మొదటిరోజే గీసేస్తాడు. తన వస్తువులు మార్చేయడానికి లోకమంతా కాచుక్కూర్చుందని అతని నమ్మకం. ఆ మార్చేవాడు తనే అవుతాడని మాత్రం ఊహించలేదు.

ఆదివారం క్వారీలో బావ తన బండి మీదికి వంగి, అలాగే ఉండిపోయాడు. మెడ దగ్గరి అతుకుని మసి దాచలేకపోయింది. తర్వాత తలెత్తి బావమరిది బండి గొట్టాన్ని చూశాడు. దుకాణదారు రెండు అబద్ధాలు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. బావ భుజం మీది తువ్వాలు తీసి మొహం మాత్రం తుడుచుకున్నాడు.

ఆ రోజు బండి తాడు తెంపుకున్న కోడెలా పరిగెత్తింది. దుమ్ములేని దారి ఎలా ఉంటుందో దుకాణదారు రెండేళ్ల తర్వాత చూశాడు. బావని మూడు బళ్ల దూరం వెనక వదిలి గెలిచాడు.

బావ మెల్లగా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, "గొట్టం సంగతి మీ అక్క దగ్గర ఎత్తకురా," అన్నాడు.

"బావా, అసలు నేను..."

"వద్దు నాయనా. అడగొద్దు, చెప్పొద్దు. మన మధ్యే పోనీ."

దుకాణదారు బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. దొంగని పట్టుకుని కూడా దొంగ పరువు కాపాడే మనిషి ఉంటాడా. ఆ గొప్పతనం ముందు తన గెలుపు, తన బతుకు, తన ఇంటూ గుర్తులు అన్నీ చిల్లరగా తోచాయి. సాయంత్రం ఇంటికెళ్లి రెండు పేజీల క్షమాపణ ఉత్తరం రాశాడు. గొట్టాన్ని తళతళలాడేలా తోమి, ఉత్తరంతో సహా బావ కాళ్ల దగ్గర పెట్టాలనుకున్నాడు.

పెరట్లో కూర్చుని, కిరసనాయిల్లో ముంచిన వంటింటి పీచుతో తోముతూ బావ మంచితనానికి రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. మూడోసారి తుడుచుకోబోతుండగా, బోల్టు బిగించే పట్టీ లోపల మసి వదిలి, నువ్వుగింజంత ఇంటూ గుర్తు బయటపడింది.