ముప్పయ్యారు గంటల సూది

“సూది తెండ్రి!”

దేవవ్వ కేకకు కరీంనగర్‌లోని ఆ పసిపిల్లల వార్డంతా ఉలిక్కిపడింది. నిద్రపోతున్న పిల్లలు కెవ్వుమన్నారు.

కిటికీ దగ్గర కాగితాలు రాసుకుంటున్న ఒక్క యువకుడు మాత్రం తల ఎత్తలేదు.

దేవవ్వది సిరిసిల్ల. కొడుకు అంబదాస్ సాంచలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. నలభై ఏళ్లు ఆ చప్పుడులో బతికిన దేవవ్వ గుసగుసలాడినా నాలుగిళ్లకు వినిపిస్తుంది.

మనవడు పుట్టి నాలుగు రోజులైంది. నెలలు నిండకుండానే వచ్చాడు. కిలోన్నర బరువు, దానికి తోడు రక్తంలో ఇన్ఫెక్షన్. బతుకుతాడని డాక్టర్లు గట్టిగా చెప్పడం లేదు.

“పక్క పిల్లకు దినాం సూది ఏస్తున్నరు. మావోనికి నిన్న పొద్దుగాల ఏసిన్రు, గంతే! పేదోళ్లమనా?” దేవవ్వ నర్సు రెబెకాను నిలదీసింది.

రెబెకా వెళ్లి ఆ యువకుడి భుజం తట్టింది. అతను లేచి వచ్చాడు. గోడ గడియారం చూపించి, ఆరు వేళ్లు ఎత్తాడు. ఇంకా ఆరు గంటలు ఆగాలి.

“ఎవలు గీయన? డాక్టరా?”

“బెన్నీ అవ్వా. పసిపిల్లలకు ఏ మందు ఎంత ఏయాలె, ఎన్ని గంటలకు ఏయాలె అని పరిశోధన నడుస్తుంది గద, అండ్ల పనిచేస్తడు. నీ కోడలు సంతకం గూడ పెట్టింది. మీవోని బరువుకు ముప్పయ్యారు గంటలకో సూది.”

“ఎక్కువ ఏస్తే జల్ది నయమైతది గద బిడ్డా!”

బెన్నీ అడ్డంగా తల ఊపాడు.

“నీ బిడ్డయితే గిట్ల గంటలు లెక్కవెడుదువా?”

అతను ఆమె నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు.

“నా మూతి ఏం జూస్తవ్? పండ్లు ఊడినయని నాకూ ఎర్కనే!”

వార్డులో తల్లులందరూ నవ్వారు. బెన్నీ కూడా నవ్వాడు. దాంతో దేవవ్వకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం సరిగ్గా ఆరింటికి సూది పడింది. నిమిషం ముందూ కాదు, వెనకా కాదు.

ఆ తర్వాత కూడా అదే తంతు. ఆమె అరుస్తుంది, అతను వేళ్లు చూపిస్తాడు.

“ఉలకడు, పలకడు. గాయన కంటె మన సాంచ నయం, చప్పుడన్న జేస్తది,” అంది కోడలు భవ్యశ్రీతో.

తిట్టుకుంటూనే ఒకటి గమనించింది. రోజూ పొద్దున బిడ్డను తూకం వేసే ముందు బెన్నీ అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవాడు. ఆ తర్వాతే ముట్టుకునేవాడు.

ఎనిమిదో రోజు బిడ్డ పాలు తాగాడు. పద్దెనిమిదో రోజు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఆ పొద్దున బెన్నీ చిన్న మిషన్ తెచ్చి, బిడ్డ చెవిలో సన్నటి గొట్టం పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. భవ్యశ్రీ అర్థంకాక అయోమయంగా చూసింది. అతను జేబులోంచి గిలక్కాయ తీసి బిడ్డ చెవి పక్కన ఆడించాడు.

బిడ్డ టక్కున కళ్లు తెరిచాడు.

రెండో చెవి పక్కన ఆడించాడు. బిడ్డ రెప్పలు టపటపలాడించాడు.

బెన్నీ ముఖం వెలిగిపోయింది. గిలక్కాయను భవ్యశ్రీ చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

“చెవులెందుకు జూసిండు?” దేవవ్వ అడిగింది.

“మీవోన్ని బతికిచ్చిన మందే అవ్వా, జర ఎక్కువైతే చెవులు తీస్కపోతది. గందుకే గా గంటల లెక్క,” అంది రెబెకా.

దేవవ్వ గిలక్కాయ వంక చూసింది. ఇన్ని రోజులూ తను గొంతు చించుకుని అడిగింది మనవడి చెవులు పోగొట్టుకోవడానికా!

చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికింది. గేటు అవతల బెన్నీ జీపు ఎక్కుతున్నాడు.

“కొడుకా, ఆగు!”

“బిడ్డా, తప్పయింది!”

“ఒక్కసారి ఇటు సూడు నాయినా!”

సాంచల మోతను గెలిచిన గొంతు అది. చాయ్ బండి దగ్గరున్న జనమంతా తిరిగి చూశారు. బెన్నీ చూడలేదు. జీపు కదిలిపోయింది.

దేవవ్వ వార్డుకు తిరిగి వచ్చి మనవణ్ణి ఒళ్లోకి తీసుకుంది. కళ్లు తుడుచుకుంది.

“మల్ల ఎప్పుడొస్తడు బిడ్డా?”

“ఇగ రాడవ్వా. ఈడ పని ఒడిసింది. బోథ్ దిక్కు పిల్లలను జూడబోయిండు.”

“మూడుసార్లు పిలిచిన. మర్లి సూడలే. నా మీద కోపం పోలే గాయనకు.”

“కోపం కాదవ్వా.” రెబెకా పక్కనే కూర్చుంది. “ఇరవై ఏడేండ్ల కింద బెల్లంపల్లిల, బొగ్గుబాయి పనికి పోయే పౌలుకు గిట్లనే నెలలు నిండక కొడుకు పుట్టిండు. గీ మందే ఏసిన్రు. గప్పుడు సరైన లెక్క లేకుండె, పెద్దోళ్ల దాంట్ల సగం అనుకున్నరు. పానం దక్కింది, చెవులు పోయినయ్. పిలగాని తల్లి మగ్దలేనమ్మ గప్పటి కాయితాలన్ని ట్రంకుపెట్టెల దాచి, మా డాక్టర్లకు తెచ్చిచ్చింది. మీవోని సూది లెక్క గా కాయితాల కాడికెల్లే మొదలైంది.”

“అయ్యో. ఇప్పుడు యాడున్నడు గా పిలగాడు?”

రెబెకా భవ్యశ్రీ దగ్గరున్న గిలక్కాయ తీసి దేవవ్వ చేతికి అందించింది.

“నువ్వు మూడుసార్లు పిలిచింది గాయన్నే అవ్వా, గిది ఎట్ల మోగుతదో బెన్నీకి తెల్వది, పిల్లల కండ్లల్ల చూసుకుంటడు.”