వైరు లేని పెట్టె

“లోపల చలి కోసేస్తాండాది సహనా! పురుగులు ఆకు ముట్టలేదు,” అంటూ మునివెంకటమ్మ పట్టుపురుగుల షెడ్డులోంచి బయటికొచ్చింది.

వాకిలికి అవతల, ఇంటి అరుగు మీద కంబళి కప్పుకొని కూర్చున్న కోడలు సహన ఒళ్లోని తెల్లపెట్టెను తీసి చూసింది.

“చలేముంది అత్తా? ఇరవై ఎనిమిది డిగ్రీలు ఉండాది. పురుగులకు ఇంతకంటే ఏం కావల్ల?”

“నీ పెట్టె చెప్తే చలి పారిపోతాదా? హీటర్ పొద్దున్నుంచి గమ్మున ఉండాది.”

“వేడి చాలింది కాబట్టే ఆగుండాది. అదే కదా దాని పని!”

“కొత్తొక వింత, పాతొక రోత,” అని గొణుక్కుంటూ అత్త మళ్లీ లోపలికి పోయింది.

సహనకు ఒళ్లు మండింది. వేడి తగ్గితే హీటర్‌ను వెలిగించే ఆ పాత థర్మోస్టాట్ వైరును ఎలుకలు కొరకబట్టే కదా పోయిన పంట నాశనమైంది! హీటర్ ఆగిపోయిన సంగతి తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. చచ్చిన పురుగులను గుంతలో పోసి మన్ను కప్పుతుంటే సహన ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. ఆ రోజే అత్త తేల్చి చెప్పేసింది: “ఇంకొక్క పంట చూస్తాం. అదీ పోతే మల్బరీ పీకేసి గులాబీ పెడతాం. నువ్వు మళ్లీ గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సెక్కు.”

ఆ బస్సు పేరెత్తితేనే సహనకు భయం. చీకటితో ఎక్కి చీకటిపడ్డాక దిగే ఆ రోజుల్లో, కన్నకూతురు ఆమెను మరిచిపోయి అవ్వనే ‘అమ్మా’ అని పిలిచేది. ఇంకోసారి ఆ పిలుపు వినడం ఆమె వల్ల కాదు. అందుకే చింతామణి టౌను నుంచి కరెంటు పనిచేసే నాగేశ్‌ను పిలిపించి వైరు లేని థర్మోస్టాట్ పెట్టించింది.

“వేడెంతో చేతిపెట్టె చెప్తాది, హీటర్ పక్కనుండే గోడపెట్టె వింటాదక్కా. వైరు లేదు కాబట్టి యాడుండినా మాట్లాడుకుంటాయి,” అన్నాడు నాగేశ్. వాడి మాట సహనకు అమృతంలా వినిపించింది. ఇక ఎలుకలు ఏం కొరుక్కుంటాయో కొరుక్కోనీ!

అంతా బాగుందనుకుంటే, నిన్న సహనకు నెలసరి వచ్చింది. ఆ మూడు రోజులు ఆమె షెడ్డు గడప తొక్కకూడదు. మైల సోకితే పురుగు కుళ్లుతుందని అత్త పట్టుదల. రాత్రంతా తల్లడిల్లిన కోడల్ని చూసి ఆమె మనసూ కరిగిందేమో, పొద్దున పురుగుల తట్టల పక్కనున్న చేతిపెట్టెను తెచ్చి, తాకకుండా అరుగు మీద పెట్టింది.

“వైరు లేదు కదమ్మా. ఈడనే కూర్చొని చూసుకో.”

కాపురానికొచ్చాక అత్త నోట అంత మెత్తని మాట వినడం అదే మొదటిసారి. సహన కళ్లు చెమర్చాయి. ముసురు తుంపరకు తడవకుండా పెట్టెను కంబళిలో దాచుకుంది.

ఇప్పుడు ఆ మెత్తదనమే అనుమానంగా తోస్తోంది. తను లోపలికి రాకూడదన్న ధైర్యంతో ఏం చేస్తోంది ఈమె? పాత థర్మోస్టాట్‌ను పారేయనివ్వకుండా మేకుకు తగిలించి ఉంచింది ఎందుకు?

బజారుకు పోయిన మొగుడు పునీత్‌కు ఫోన్ చేసింది.

“అత్త చలంటాండాది. పెట్టెలో ఇరవై ఎనిమిది ఉండాది.”

“పెట్టెనే నమ్ము. మా అమ్మకు కొత్తదేదీ కిట్టదు. సాయంత్రానికి వస్తాలే.”

ఫోన్ పక్కన పెట్టి సహన తలెత్తింది. మునివెంకటమ్మ కణకణలాడే కుంపటి పట్టుకొని షెడ్డు వైపు నడుస్తోంది.

“అత్తా! పొగకు సచ్చిపోతాయి!”

“చలికి సావడం కంటే మేలు.”

సహన పెట్టెను చేతపట్టుకొని ఒక్క ఉరుకున పోయి షెడ్డు తలుపుకు అడ్డం నిలబడింది.

“అడ్డం లెయ్ మే!”

“లెయ్యను. ఇంకొక్క అడుగేస్తే ముట్టుకుంటా!”

అత్త అక్కడే ఆగిపోయింది. మైల కోడలు తాకితే తలస్నానం చేసేదాకా షెడ్డులోకి తనూ పోకూడదు. ఇద్దరి మధ్యా కుంపటి చిటపటలాడుతోంది.

“ఈ పంట పోవాలనే కదా నీకు?” సహన అరిచింది. “నన్ను బస్సెక్కించాలనే కదా?”

మునివెంకటమ్మ ముఖం పాలిపోయింది. కుంపటి కింద పెట్టింది.

“బిడ్డ నన్ను అమ్మా అంటాంటే నాకు మాత్రం బాగుండెనా? నువ్వు గెలవాలనే పొద్దున్నుంచి ఆ పురుగుల కాడ కూర్చోనుండా. రా, లోపలికొచ్చి నువ్వే చూడు.”

“నేనా? మైల...”

“మైల సంగతి తర్వాత. నా కండ్ల ముందర పురుగు సస్తాండాది. రామ్మా.”

సహన గడప దాటింది. చలి ముఖాన కొట్టింది. కిటికీలన్నీ బిగించే ఉన్నాయి. హీటర్ స్విచ్చు వేసే ఉంది. పురుగులు ఆకు మీద తలెత్తకుండా ముడుచుకొని పడి ఉన్నాయి. అత్త చెప్పిందంతా నిజమే!

అయితే పెట్టెకేమైంది? చేతిలోదాన్ని తట్టల పక్కన, దాని పాత చోట పెట్టింది. ఇద్దరూ దాని మీదికి వంగారు. ఇరవై ఎనిమిది ఇరవై ఆరైంది. ఇరవై మూడైంది. ఇరవైకి దిగింది. గోడ మీద టక్కుమని చప్పుడై, హీటర్ ఎర్రబడింది.

పొద్దున్నుంచీ ఆ పెట్టె చెప్పింది సహన ఒడి వేడి.