చీనీరసం సోడా

"ఇంట్లోకి పోయేముందు ఒక మాట వినప్పా," అన్నాడు లింగప్ప, సుంకప్ప చేతిలోని సంచి అందుకుంటూ.

బస్సు దుమ్ము రేపుకుంటూ మడకశిర వైపు వెళ్ళిపోయింది. ఆదివారం కావడంతో బస్సులు ఆగే చోట ఉన్న లింగప్ప సోడా అంగడి మూసి ఉంది.

"మా కుళ్ళాయప్ప సంగతి ఇంట్లో ఆమెకు తెలీదు."

సుంకప్ప ఉన్నచోటే నిలబడిపోయాడు. అతనూ, లింగప్ప ఒక్కగానొక్క కొడుకు కుళ్ళాయప్పా ఒకే పటాలంలో పనిచేశారు. చైనా యుద్ధంలో, మంచుకొండల మీద కుళ్ళాయప్ప పోయి ఏడాది కావస్తోంది. సెలవు దొరికి తన ఊరు విడపనకల్లు వచ్చిన సుంకప్ప, స్నేహితుడి తల్లిదండ్రులను చూసి పోదామని బయలుదేరి వచ్చాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదా పెద్దనాయనా?"

"తాలూకాఫీసుకు పిలిపించి నాకు చెప్పిరి. అప్పుడామె గుండెనొప్పితో హిందూపురం ఆస్పత్రిలో ఉండె. ఇంకో దెబ్బ తగిలితే మనిషి నిలవదని డాక్టరు అన్న్యాడు. ఇంగ నేనెట్ల చెప్పల్ల? కొండల్లో డ్యూటీ, టపా రాదు, సెలవు ఇయ్యరు అని నెట్టుకొస్తాండా. నువ్వూ అదే చెప్పల్ల. ఏడుపొస్తే బయటికి వచ్చి ఏడువు. నేనట్లే చేస్తాండా."

సుంకప్ప తల ఊపాడు. ఆయన వెనకే నడిచాడు.

లింగప్ప భార్య తిరుపాలమ్మ వసారాలో కూర్చుని చీనీకాయలు, అంటే బత్తాయిలు, కోస్తోంది. పక్కన పళ్ళెంలో దానిమ్మ గింజలు, బకెట్లో తడిగుడ్డ చుట్టిన గోలీసోడాలు. సుంకప్పను చూసి లేవబోయింది. అతను వారించి పాదాలకు మొక్కాడు. ఆమె చెయ్యి అతని తల మీద కొంచెం ఎక్కువసేపే ఉండిపోయింది.

"కూచో నాయనా. బొరుగుల ఉగ్గాని చేసి పెట్టినా. మావాడు చేసే సోడా చేస్తాండా. నీకూ చేసిచ్చినాడా వాడు?"

"ఇచ్చినాడు పెద్దమ్మా."

పూనాలో ఉన్నప్పుడు కుళ్ళాయప్ప కొన్నాళ్ళు ఆఫీసర్ల భోజనశాలలో వడ్డన చేశాడు. ఆదివారాలు దొరలు ఆలస్యంగా లేచి, పొద్దుటి తిండీ మధ్యాహ్నపు తిండీ కలిపి ఒకేసారి తినేవాళ్ళు. దాంతోపాటు నురగలు పొంగే ద్రాక్షసారాలో పండ్లరసం కలుపుకుని తాగేవాళ్ళు. కుళ్ళాయప్ప సెలవుకు వచ్చి, "మనకు సారా ఎందుకు నాయనా, అంగట్లో సోడా ఉండాది కదా," అని చీనీరసంతో అదే చేసి ఇద్దరికీ తాపించాడు. అప్పటినుంచి అతను ఇంట్లో ఉన్న ప్రతి ఆదివారమూ ఉగ్గానీ, ఆ సోడానే.

తిరుపాలమ్మ దానిమ్మ గింజలు గుడ్డలో వేసి పిండింది. ఎర్రటి రసం గ్లాసుల అడుగుకు దిగింది. దాని మీద చీనీరసం, చక్కెర, చిటికెడు ఉప్పు. లింగప్ప గోలీ లోపలికి నొక్కాడు. సోడా బుస్సుమంది.

"అంచు మీద మెల్లగా పొయ్యప్పా. గరిటె పెట్టి కలపగూడదు. కలిపితే పొంగు చచ్చిపోతాది అంటాడు వాడు," అంది తిరుపాలమ్మ.

లింగప్ప పోసిన సోడా కొంత నేల మీద పడింది. ఆమె ఆ గ్లాసు తన వైపు జరుపుకుని, మరో గ్లాసు భర్త ముందుకు తోసింది.

సుంకప్ప ఒక గుక్క తాగాడు. రుచి నాలుకకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకున్నాడు.

"సోడా ఘాటు నాయనా. ముక్కుకెక్కుతాది," అంది తిరుపాలమ్మ.

"ఔ పెద్దమ్మా."

"ఆడ చలి శానా ఉంటాదంట కదా. మావానికి చలి పడదు. చిన్నప్పుడు కార్తీకంలో కూడా నా కొంగులోనే పండుకుంటాండె. ఓర్చుకున్న్యాడా?"

"ఓర్చుకున్న్యాడు. కంబళ్ళు ఇచ్చినారు మాకు."

"పక్కన తోడు ఎవురన్నా ఉన్న్యారా వానికి?"

"నేనే ఉన్న్యా."

"ఎప్పుడూ?"

"కడదాకా..." సుంకప్ప మాట మధ్యలో ఆపేశాడు.

"అంటే, సెలవు మీద వీడు ఇట్ల వచ్చేదాకా అని," లింగప్ప గబగబా అందుకున్నాడు. "ఒకే గుడారంలో ఉన్న్యారంట. బస్సు దిగినప్పుడే చెప్పినాడు నాకు."

తిరుపాలమ్మ సుంకప్ప ముఖంలోకే చూస్తోంది.

"మంచిది నాయనా. నువ్వు పక్కన ఉన్న్యావు. అంతే చాలు," అంది.

లింగప్ప లేచి, ఖాళీ సీసాలు పెట్టి వస్తానని పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పటికి ముఖం కడుక్కుని ఉన్నాడు.

"ఎండ," అన్నాడు.

"ఔ, ఎండ," అంది ఆమె. అతనికి ఇంకాస్త ఉగ్గాని వడ్డించింది. "తిను. సోడా మిషను తిప్పి తిప్పి చిక్కిపోయినావు."

"వచ్చే ఏడు సెలవిస్తారంటలే మనవానికి. ఏమప్పా సుంకప్పా?"

"ఇస్తారు పెద్దనాయనా."

"వస్తే దానిమ్మలు ఇంకా మంచివి తెప్పిచ్చల్ల," అంది తిరుపాలమ్మ. లింగప్ప ముఖం తేటపడింది. ఆ పండ్లు ఎక్కడ దొరుకుతాయో, ఎవరికి చెప్పి పంపాలో ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఆమె ఊఁ కొడుతూ వింది. సుంకప్ప వాళ్ళిద్దరినీ చూడలేక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం బస్సు వేళయింది. లింగప్ప సంచి భుజానికెత్తుకుని, బస్సు ఆపుతానని ముందు నడిచాడు. సుంకప్ప మళ్ళీ తిరుపాలమ్మ పాదాలకు మొక్కాడు.

"పోయొస్తా పెద్దమ్మా. కుళ్ళాయప్పకు ఏమన్నా చెప్పల్లనా?"

ఆ అబద్ధం అతని నోట అతి కష్టం మీద వచ్చింది. ఆమె వీధిలో ఎండలో పోతున్న భర్త వీపునే చూసింది. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, సుంకప్ప చెయ్యి పట్టుకుంది.

"వాడు లేడని నాకు తెలుసని ఆయప్పకు మాత్రం చెప్పొద్దు నాయనా."