పరుపుల పైలట్

“కొళాయి?” అన్నాడాయన, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఎదురుగా చూస్తూ.

“కట్టేశాను,” అంది పక్కన కూర్చున్న భార్య.

“రెండో మనిషి?”

“నేను చూశాను నాన్నా,” వెనక సీట్లోంచి చిట్టి సన్నగా పలికింది.

“పెరటి తలుపు?”

“గడియ పెట్టాను, చిట్టి కూడా చూసింది. మహాప్రభో, ఇక బండి తీయండి! తొమ్మిదింటికి కాలేజీ గేటు మూసేస్తారు.”

ఆయన తీయలేదు. ఇంజను గురగురమంటూనే ఉంది, వ్యాను మాత్రం వాకిలి దాటలేదు.

యుద్ధంలో విమానం నడిపిన మనిషి ఆయన. ఎగిరే ముందు ఒకరు అడగాలి, ఇంకొకరు చెప్పాలి, ప్రతిదీ ఇద్దరు చూడాలి. యుద్ధం అయిపోయింది. విమానం పోయి పరుపుల దుకాణం వచ్చింది. పెళ్లయింది, చిట్టి పుట్టింది. అలవాటు మాత్రం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. ‘ఆకాశం నుంచి పడ్డా నొప్పి తెలియదు’ అని దుకాణం ముందు బోర్డు రాయించాడు. వీధి వీధంతా పరుపుల పైలట్ అంటుంది. ఆ మాట వింటే ఆయన మీసం మెలేస్తాడు. ఆవిడకేమో తల కొట్టేసినట్టుంటుంది. పెళ్లయినప్పటి నుంచి ఏ సినిమాలోనూ మొదటి పాట చూసిన పాపాన పోలేదు.

సినిమాలు పోతే పోయాయి. పోయినేడు ఏం జరిగిందో ఆవిడ జన్మలో మరిచిపోలేదు. చిట్టికి చిత్రకళ కాలేజీలో ఇంటర్వ్యూ. సగం దారిలో, గ్యాసు రెండో మనిషి చూడలేదని ఆయనకు గుర్తొచ్చింది. ఎంత మొత్తుకున్నా వినకుండా బండి వెనక్కి తిప్పాడు. గ్యాసు కట్టేసే ఉంది. మళ్లీ బయల్దేరి వెళ్లేసరికి కాలేజీ గేటు మూసేసి ఉంది. చిట్టి ఏడాదంతా గదిలో కూర్చుని, గీసిన బొమ్మే మళ్లీ మళ్లీ గీసింది. ఈసారి కూడా తప్పిపోతే అంతే సంగతులు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

“మేడ మీద కిటికీ?” అన్నాడాయన.

“వేశాను!”

“రెండో మనిషి?”

వెనక సీటు కిర్రుమంది.

“చిట్టీ, చూశావా లేదా?”

“అంటే... నేను...”

“అది చూడకపోతే ఏం? నా కళ్లు కళ్లు కావా?” ఆవిడ ఒక్కసారిగా విరుచుకుపడింది. “కిటికీ తెరిచి ఉంటే ఏమవుతుందండీ? ఇల్లు ఎగిరిపోతుందా? పోతే పోనివ్వండి, నాకూ పీడా విరగడవుతుంది! పిల్ల బతుకు కన్నా మీకు కిటికీ రెక్క ఎక్కువైపోయిందా?”

వెనక తలుపు ధడేల్మని పడింది.

“విన్నారా? మెత్తనిదనుకున్నారు, దానికీ ఒళ్లు మండింది. తలుపు మీద చూపిస్తోంది. ఇప్పుడైనా కదుల్తారా, మమ్మల్నిద్దర్నీ దిగి నడిచిపొమ్మంటారా?”

“ఇంకొక్కటే ఉందోయ్...”

“ఆ ఒక్కటీ నా నెత్తిన కొట్టండి! తీయండి!”

ఆయన ఉస్సురంటూ గేరు వేశాడు.

వ్యాను వీధి మలుపు తిరిగింది. కాలేజీ దగ్గరే ఎవరికో ఇవ్వాలని ముందు సీట్లకూ వెనక సీటుకూ మధ్య పరుపుల కట్టలు పైకప్పు దాకా ఎక్కించాడు. అద్దంలోకి చూస్తే చారల గుడ్డ తప్ప ఇంకేమీ కనబడదు.

“సగంలో వదిలేసి నేనెప్పుడూ ఎగరలేదు,” అని గొణిగాడాయన.

“ఇది ఎగరదు లెండి. నాలుగు చక్రాల మీద పోతుంది.”

“నీకు వెటకారం. ఆ పద్ధతే లేకపోతే నేను తిరిగొచ్చేవాణ్ణా, నీ మెళ్లో తాళి కట్టేవాణ్ణా?”

“అందుకే దాన్ని చూస్తే నాకంత మంట.”

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఆవిడకు నవ్వు రాలేదు. ఒళ్లో ఉన్న బొమ్మల సంచీ సర్దుకుని, వెనక్కి వినబడేలా గొంతు పెంచింది.

“చిట్టీ, కంగారు పడకు. అడిగినదానికి గట్టిగా చెప్పు. నేల చూపులు చూడకు. తెలిసిందా?”

ఉలుకూ పలుకూ లేదు.

“చూడండి, ఎలా బిగుసుకుపోయిందో. పొద్దున్నే మీరు పెట్టిన రాద్ధాంతానికి పిల్ల నోరే పడిపోయింది.”

“నిద్రపోయిందేమో. మన పరుపుల పక్కన కూర్చుని మెలకువగా ఉన్నవాళ్లను నేనింతవరకూ చూడలేదు.”

“ఇక్కడ కూడా వ్యాపారమేనా! చిట్టీ, అలిగితే అలిగావు గానీ, ఆ మొహం వాళ్లకు చూపించకు తల్లీ.”

రైలు గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. గేటు ఎత్తేదాకా ఆవిడ చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఎన్నడూ లేనంత వేగంగా నడిపాడు. ముందు వెళ్తున్న రెండు బస్సుల్ని దాటేశాడు కూడా. యుద్ధంలో ఇలాగే నడిపి ఉంటాడని ఆవిడకు మొదటిసారి అనిపించింది.

కాలేజీ గేటు బార్లా తెరిచి ఉంది. పిల్లలూ తల్లిదండ్రులూ ఇంకా లోపలికి వెళ్తున్నారు. వ్యాను ఆగుతూనే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మాయిని త్వరగా పంపండమ్మా. గేటు వేసేస్తున్నాను.”

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. “చూశారా? మీ అడగడాలు మధ్యలో ఆపితే మనమూ అందరిలా వేళకు రాగలం!”

“సరేనోయ్, ఒప్పుకున్నాను. ఇక నుంచి నువ్వు పదండంటే బయల్దేరడమే.”

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఓడిపోయానని ఒప్పుకోవడం అదే మొదలు. ఆవిడ బొమ్మల సంచీ చంకన పెట్టుకుని, గబగబా దిగి, వెనక తలుపు బార్లా తెరిచింది.

“దిగు తల్లీ, వచ్చేశాం!”

సీటు ఖాళీగా ఉంది.